బెదిరిపోయిన కుక్కను ఇంటికి మచ్చిక చేసుకోవడం ఎలా

రోడ్డు పక్కన దొరికిన కుక్కనో, ఎవరో ఇల్లు మారుతూ వదిలేసి పోయిన కుక్కనో జాలిపడి ఇంటికి తెచ్చుకుంటాం. తెచ్చాక చూస్తే అది తోక ఊపదు, తిండి ముట్టదు, పిలిస్తే రాదు. మంచం కింద దూరి, గోడవైపు మొహం పెట్టుకుని పడుకుంటుంది. రెండో రోజుకే ఇంట్లోవాళ్ళ మనసు కష్టమవుతుంది. "ఇంత ప్రేమగా చూస్తుంటే ఇదేంది ఇట్టా" అనిపిస్తుంది. అలాంటి కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం, తెచ్చుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు, వేదాయపాళెం. మా గువ్వ వచ్చి రెండేళ్ళు దాటింది. కావలి అవతల హైవే మీద ఒక దాబా వెనక కాలు దెబ్బతిని పడి ఉంటే, ఒకమ్మాయి ఎత్తుకెళ్ళి కట్టు కట్టించి, నెల రోజులు తన దగ్గర ఉంచుకుని మాకిచ్చింది. వచ్చిన రోజు అది బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య ఉన్న జానెడు సందులో గువ్వలా ముడుచుకుని కూర్చుంది. ఆ పేరే నిలిచిపోయింది. అది ఇల్లంతా మామూలుగా తిరగడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది ఏమిటంటే, బెదిరిన కుక్క దగ్గరికి మనం పోకూడదు. అదే మన దగ్గరికి వచ్చేట్టు చూసుకోవాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

భయం ఎక్కణ్ణుంచి వచ్చింది

"ఎవరో బాగా కొట్టుంటారు పాపం" అని చూసిన ప్రతివాళ్ళూ అంటారు. కొట్టి ఉండొచ్చు, కొట్టకపోయి ఉండొచ్చు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా ఒక వయసు ఉంటుంది. ఆ రోజుల్లో ఏం చూస్తే, ఏం వింటే, ఎవరి చేతుల్లో పెరిగితే అవన్నీ దానికి మామూలు విషయాలైపోతాయి. ఆ వయసంతా ఏ రొయ్యల చెరువు గట్టు మీదో, గోడౌన్ వెనకో గడిపిన పిల్లకు మిక్సీ, మెట్లు, నున్నటి టైల్స్, తిరిగే ఫ్యాను, అన్నీ కొత్తే. దాన్ని ఎవరూ చెయ్యెత్తి కొట్టకపోయినా బెదురుతుంది. ఈ తేడా తెలిస్తే మనం చేయాల్సిన పని కూడా తెలుస్తుంది. ముద్దు చేసినంత మాత్రాన మిక్సీ భయం పోదు. ఒక్కొక్కదాన్నీ దానికి మెల్లగా పరిచయం చేయాలి.

దత్తత ఇచ్చేవాళ్ళు మూడు-మూడు-మూడు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి అలవాటవడం, మూడు నెలలకు ఇది నా ఇల్లే అన్న నమ్మకం. గుర్తుపెట్టుకోవడానికి మంచిదే కానీ, బాగా బెదిరిన కుక్క ఆ లెక్కలో ఇమడదు. మూడు వారాలైనా మంచం కిందే ఉందని కంగారు పడకండి.

తెచ్చే ముందే ఇవి సిద్ధం చేసుకోండి

ఇంట్లో ఒక మూల చూడండి. రెండు వైపులా గోడ ఉండాలి, మనుషులు అటూ ఇటూ నడిచే దారి కాకూడదు, వంటగదికీ గేటుకీ దూరంగా ఉండాలి. మంచం కింద అయితే ఒక పక్క దుప్పటి వేలాడదీస్తే చాలు, గుహలా ఉంటుంది. కింద పాత బొంత వేయండి. దాని మీద మీరు కట్టి విడిచిన, ఉతకని పాత చీరో లుంగీయో ఒకటి పడేయండి. కుక్కకు ముందు పరిచయమయ్యేది మన వాసనే. మనం పక్కన లేనప్పుడు, భయం లేని సమయంలో, అది మన వాసన చూసుకుంటూ పడుకుంటుంది.

ఆ మూల నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి పెరటి తలుపు దాకా గోనె సంచులు పరవండి. మట్టి మీద తిరిగిన కుక్కకు టైల్స్ మీద కాళ్ళు జారతాయి. జారిన ప్రతిసారీ దాని భయం రెండింతలవుతుంది. మేము ఈ పని పదో రోజున చేశాం. మొదటి రోజే చేసి ఉండాల్సింది.

బెల్టు విషయంలో మాత్రం పొదుపు చూడకండి. మెడకు కాలరు, ఒంటికి బాడీ బెల్టు, రెండూ కొనండి. భయపడ్డ కుక్క వెనక్కి గింజుకుంటే మెడ బెల్టు చెవుల మీదుగా ఇట్టే జారి వస్తుంది. గుడ్డ తాడు ఒకటి దీనికీ, ఒకటి దానికీ తగిలించి, రెండు కొసలూ చేతికి చుట్టుకోండి. ఇనప గొలుసు వద్దు, ఆ బరువూ చప్పుడూ దానికి ఇంకో భయం. కాలరు మీద మీ ఫోన్ నంబరు పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. ఇలాంటి కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే. తప్పిపోయిన కుక్కకు ఇల్లు ఎటో తెలియదు, పేరు పెట్టి పిలిచినా పలకదు. ఎదురుగా హైవే ఉన్న ఊళ్ళు మనవి. గేటు కింద సందు ఎంత ఉందో, ప్రహరీ ఎంత ఎత్తుందో ముందే చూసుకోండి. మేడ మీదికి ఒంటరిగా వదలకండి. బెదిరితే పిట్టగోడ దూకేస్తుంది.

ఇంట్లోవాళ్ళతో కూడా ముందే మాట్లాడాలి. మా అత్తమ్మ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, గేదెల్నీ కుక్కల్నీ సాకింది. "కట్టేసి ఉంచు, రెండు రోజులు మాడితే అదే దారికొస్తాది" అంది. ఆమెకు జాలి లేక కాదు, వాళ్ళ ఇళ్ళలో అట్లాగే జరిగింది. పొలం కాపలా కుక్కకు అది చెల్లిందేమో కానీ, భయంతో వణికేదాన్ని కట్టేస్తే పారిపోయే దారి లేక కరుస్తుంది. ఈ మాట నేను చెబితే ఆమె వినలేదు. పశువుల డాక్టరు గారు చెబితే విన్నది. మీ ఇంట్లోనూ ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ చేతే చెప్పించండి.

తీసుకొచ్చే రోజు

పొద్దున పూట తెచ్చుకోండి, చీకటి పడేలోగా ఇల్లు చూసుకోవడానికి దానికి కొంత టైమ్ దొరుకుతుంది. కారైతే మంచిది. ఆటో అయితే ఇద్దరు కూర్చుని రెండు తాళ్ళూ పట్టుకోవాలి. గోనె సంచిలో వేసి బైకు మీద తీసుకురావడం మాత్రం వద్దు. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకపోతే దారిలో వాంతి చేసుకోదు. ఇంటికొచ్చాక గేటు వేసి, తలుపు వేసి, అప్పుడే తాడు వదలండి.

హారతులు, ఫోటోలు, పక్కింటి పిల్లలు, ఇవేవీ ఆ రోజు వద్దు. మనవాళ్ళకు కొత్తగా ఏదొచ్చినా పదిమందీ చుట్టూ చేరి చూడ్డం అలవాటు. ప్రేమతోనే వస్తారు. కుక్కకు మాత్రం అది పది జతల కాళ్ళు చుట్టుముట్టడం. "వారం తర్వాత రండి, మీరే బిస్కెట్ పెడుదురు గానీ" అని చెప్పి పంపేయండి.

స్నానం కూడా ఆ రోజు వద్దు, ఎంత మురికిగా ఉన్నా సరే. నేను నాలుగో రోజున గువ్వను బాత్రూంలోకి ఎత్తుకెళ్ళి నీళ్ళు పోశాను. అది అరవలేదు, కరవలేదు, కొయ్యబారి నిలబడింది. "ఎంత బుద్ధిమంతురాలో" అనుకున్నాను. అది బుద్ధి కాదని తర్వాత తెలిసింది. భయం మరీ ఎక్కువైతే కుక్క కదలడం మానేస్తుంది. అప్పటికి నా చేతిలో బిస్కెట్ అందుకోవడం మొదలుపెట్టింది, ఆ స్నానంతో మళ్ళీ మూడు వారాలు నా చేయి చూస్తే వెనక్కి తగ్గింది. మురికి వదిలించాలనుకుంటే తడిగుడ్డతో తుడవండి, అదీ అది ఒప్పుకున్నప్పుడు.

మొదటి మూడు రోజులు

నీళ్ళు పెట్టండి, తిండి పెట్టండి, దాని మానాన దాన్ని వదిలేయండి. మంచం కిందకు వంగి చూడొద్దు, చెయ్యి పెట్టి లాగొద్దు. మీ పనులు మీరు చేసుకోండి, మామూలు గొంతుతో మాట్లాడుకోండి. రాత్రి అందరూ పడుకున్నాక అది లేచి ఇల్లంతా వాసన చూసుకుంటుంది. మేము మూడో రోజు పొద్దున లేచి చూస్తే, గిన్నెలో అన్నం లేదు, నా చెప్పు ఒకటి దాని బొంత మీద ఉంది. కొరకలేదు, ఊరికే పక్కన పెట్టుకుంది. దాన్ని అక్కడే ఉంచేశాను.

ఇదివరకు ఏం తినేదో కనుక్కుని మొదట్లో అదే పెట్టండి. తర్వాత అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఉడకబెట్టిన గుడ్డు, పెరుగన్నం లాంటివి మెల్లగా అలవాటు చేయవచ్చు. మనం తినే చేపల పులుసు కలిపి పెట్టడం మన వైపు మామూలే కానీ, అందులో ఉల్లిపాయ ఉంటుంది, ముల్లు ఉంటుంది, కారం సంగతి చెప్పక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, పాయసంలో వేసే కిస్‌మిస్ కిడ్నీలకు ప్రమాదం. చాక్లెట్ విషం. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి, కాబట్టి ఆదివారం పళ్ళెంలో మిగిలిన ఎముకలు చెత్తబుట్టకే పోవాలి.

భయంతో ఒకటి రెండు రోజులు తినకపోవడం పెద్దకుక్కల్లో చూస్తుంటాం. అయితే నీళ్ళు కూడా తాగకపోయినా, వాంతులైనా, రక్తంతో విరేచనాలైనా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా అది భయం అనుకుని కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. చిన్న కుక్కపిల్ల ఒక్క రోజు తినకపోయినా ఆలస్యం చేయకూడదు. పార్వో అనే వైరస్ జబ్బు సోకిన పిల్ల గంటల్లో నీరసించిపోతుంది.

ఇంట్లో ఒంటేలు పోస్తే తిట్టకండి. మూతి దానికి రాసి బుద్ధి చెప్పాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, పాటించకండి. దానికి అర్థమయ్యేది మీరు భయపెట్టారన్న ఒక్క విషయమే. పొద్దున లేవగానే, తిన్న తర్వాత, పడుకోబోయే ముందు పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్ళండి. పోసిన వెంటనే, అక్కడే, చిన్న చికెన్ ముక్క వేయండి.

దాని ఒళ్ళు చెప్పే మాటలు

కుక్క మొదట చిన్నగా చెబుతుంది. మనం వినకపోతే గట్టిగా చెబుతుంది. మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడ్డం, చెవులు వెనక్కి అతుక్కోవడం, తోక పొట్ట కిందకు పోవడం, ఎండ లేకపోయినా రొప్పడం. ఇవి కనిపిస్తే అక్కడితో ఆపి రెండడుగులు వెనక్కి వెళ్ళండి. మీరు వెనక్కి తగ్గారని అది గమనిస్తుంది. "వీళ్ళకు చెబితే వింటారు" అన్న నమ్మకం కుదిరేది ఇక్కడే.

గుర్రుమంటే కోప్పడకండి. గుర్రు అనేది కరవబోయే ముందు చేసే హెచ్చరిక. కొట్టి, తిట్టి ఆ గుర్రు మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. రేపు ఏ చప్పుడూ లేకుండా నేరుగా కరుస్తుంది.

దగ్గర చేసుకోవడం

ఇక్కడ ఓపిక కావాలి, గట్టిగా చెబుతున్నా. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. ఉడికించిన చికెన్‌ను శనగ గింజంత ముక్కలు చేసుకోండి. మంచానికి ఆరేడు అడుగుల దూరంలో నేల మీద కూర్చోండి. దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చోవాలి, కళ్ళలోకి చూడకూడదు. ఒక ముక్క దానివైపు జార్చండి, అది తిన్నా తినకపోయినా ఏమీ అనకండి. కాసేపాగి ఇంకోటి. తర్వాత ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా వేయండి. దూరంగా వేసేది ముఖ్యం. దగ్గరికి వచ్చి ముక్క తీసుకున్నాక మళ్ళీ దూరంగా వెళ్ళే వీలు ఉందని తెలిస్తేనే అది ఇంకోసారి వస్తుంది. చేతిలో తిండి పెట్టుకుని దగ్గరదగ్గరికి రప్పిస్తే, ఆశకు వచ్చి, వచ్చాక భయపడి, బెంబేలెత్తిపోతుంది.

మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు ఊరికే ఉండలేడు. వాడికి నేను ఒక పని పెట్టాను. రోజూ సాయంత్రం గువ్వ మంచానికి అవతల చాప మీద కూర్చుని తెలుగు వాచకం పైకి చదవాలి, మంచం వైపు చూడకూడదు. పేజీ తిప్పినప్పుడల్లా ఒక ముక్క వెనక్కి విసరాలి. పదకొండో రోజో పన్నెండో రోజో వాడు చదువుతూ ఉంటే మోచేతికి తడిగా తగిలింది. వాడు కదల్లేదు, చదువుతూనే ఉన్నాడు, గొంతు మాత్రం వణికింది. గువ్వ వాడి మోచేయి వాసన చూసి, వాచకం అంచు వాసన చూసి, మళ్ళీ వెళ్ళిపోయింది. మా అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "కదలమాక అబ్బయ్యా" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ముట్టుకోవడం మొదలుపెట్టేటప్పుడు తల మీద చెయ్యి వేయకండి. పైనుంచి దిగే చెయ్యి దెబ్బలా కనిపిస్తుంది. చెయ్యి కిందనుంచి తెచ్చి గడ్డం కిందో ఛాతీ మీదో మూడు సెకన్లు గోకి, చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే అది ఒరుసుకుంటూ దగ్గరికి వస్తుంది. రాకపోతే ఆ పూటకు అంతే.

వీధి కుక్కలకు మనిషి వంగడమంటే రాయి తీయడమే. ఇది మనకు తెలియకుండా రోజుకు పదిసార్లు చేస్తాం. ఒకరోజు హాల్లో నా చేతిలోంచి తాళాలు జారితే వంగి తీసుకున్నాను. పదడుగుల దూరంలో నీళ్ళు తాగుతున్న గువ్వ నాలుగు కాళ్ళూ జారుతూ, గిన్నె తన్నేసి మంచం కిందకు దూరింది. రెండు రోజులు నేను ఉండగా బయటకు రాలేదు. అప్పట్నుంచి నేను కావాలనే వంగడం మొదలుపెట్టాను. ముందు చాలా దూరంలో, సగం మాత్రమే. వంగి లేచిన ప్రతిసారీ ఒక ముక్క దానివైపు. తర్వాత ఇంకొంచెం వంగి, ఇంకొంచెం దగ్గరగా. నెలన్నరకు నేను ఊడుస్తూ వంగితే ముక్క పడిందేమోనని నా కాళ్ళ దగ్గర వెతకడానికి వచ్చేది. చీపురు, కర్ర, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, దేనికైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది. భయపెట్టేది ముందు రావాలి, తిండి దాని వెనకే రావాలి. వరస తిరగబడిందంటే తిండి చూసి కూడా అనుమానపడుతుంది.

చప్పుళ్ళు

మనకు సుమారు 20,000 హెర్ట్‌జ్ దాకా వినపడితే, కుక్కకు దాదాపు 45,000 దాకా వినపడుతుంది. మనకు వినపడని కీచుదనం కూడా వాటి చెవిలో పడుతుంది. మొదటి నెల కుక్కర్ పెట్టే ముందు వంటగది తలుపు మూయండి, మొదటి విజిల్ రాగానే ముక్క వేయండి. మిక్సీ కూడా అంతే. మా ఇంటికి రైల్వే లైను దగ్గర. విజయవాడ-చెన్నై బండ్లన్నీ ఇటే పోతాయి, ఆ హారన్‌ను మనం ఆపలేం. ఫోన్‌లో హారన్ రికార్డు చేసుకుని, మనకే సరిగా వినపడనంత చిన్న సౌండ్‌తో పెట్టి ముక్కలు వేసేవాళ్ళం. వారానికో గీత పెంచాం. ఏ రోజైనా చెవులు వెనక్కి పోతే, తిండి మానేస్తే, మళ్ళీ కిందటి గీతకు దిగాలి.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. నెల్లూరుకీ ప్రకాశం కోస్తాకీ అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళి కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. అంటే ఉరుములు, తుఫాను గాలులు, టపాసులు ఒకదాని మీద ఒకటి. దానికి ముందు వినాయక చవితి ఊరేగింపులు. కాబట్టి చప్పుళ్ళ అలవాటు జూన్, జులైలోనే మొదలుపెట్టండి. దీపావళి రోజు ఎండ ఉండగానే బయట తిప్పి తెచ్చేసి, కిటికీలు మూసి, టీవీ పెట్టి, ఇంటి మధ్య గదిలో దాని బొంత వేయండి. గేటు దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోండి. దగ్గరికి వచ్చి ఒదిగితే ఒళ్ళో పెట్టుకోండి. బుజ్జగిస్తే భయం అలవాటవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. భయం మనం నేర్పితే వచ్చే అలవాటు కాదు, ఓదారిస్తే తగ్గేదే. గోడలకు తల కొట్టుకునేంత బెదిరిపోయే కుక్క అయితే నెల ముందే డాక్టరుతో మాట్లాడండి, దానికి మందులున్నాయి. మీ ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం ఇవ్వకండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు ప్రమాదం.

దర్గామిట్ట వైపు ఉండేవాళ్ళయితే రొట్టెల పండగ రోజుల్లో నడకకు దారి మార్చుకోండి. స్వర్ణాల చెరువు వైపు ఆ జనాన్ని కొత్త కుక్క తట్టుకోలేదు.

బయటకు తీసుకెళ్ళడం

తొందరేమీ లేదు. పెరట్లో తాడుతో నడవడం అలవాటయ్యాకే గేటు దాటించండి. మొదట గేటు దాకా వెళ్ళి నిలబడి వాసన చూసి తిరిగొచ్చేయడమే ఒక నడక అనుకోండి. తెల్లవారుజామున ఐదింటికి వీధులు ఖాళీగా ఉంటాయి, అయితే వీధి కుక్కల గుంపులు కూడా అప్పుడే తిరుగుతాయి. వాటి హద్దులు ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకానో నాలుగు రోజులు మీరొక్కరే నడిచి చూసుకోండి. ఎండాకాలం మనకు నలభై డిగ్రీలు దాటుతుంది. చేతి వెనకభాగాన్ని రోడ్డు మీద ఏడెనిమిది సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

ఆరు నెలలైనా తాడు వదలొద్దు. మైపాడు బీచ్‌కో కొత్తపట్నానికో తీసుకెళ్ళి "ఖాళీగా ఉంది కదా, పరిగెత్తనీ" అని అస్సలు అనుకోకండి. ఒక బెలూన్ పగిలితే చాలు.

డాక్టరు, టీకాలు

గాయాలు, జ్వరం, పిడుదులు లాంటివి ఉంటే మొదటి రోజే వెళ్ళండి. లేకపోతే నాలుగైదు రోజులు కుదుటపడనిచ్చి తీసుకెళ్ళండి. పాత టీకాల సంగతి తెలియకపోతే వేయించలేదనే లెక్క. రేబిస్ టీకా తప్పనిసరి, ఏటా బూస్టరు వేయించాలి. దాంతోపాటు డిస్టెంపర్, పార్వోలకు కలిపి ఇచ్చే సెవెన్-ఇన్-వన్, నట్టల మందు. చెవి కొసన చిన్న కోత ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా మన దగ్గర ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. మొదటిది దానికోసం ఆగకుండా వేయించేయండి, తర్వాతి బూస్టర్లకు ఆ రోజు ఉపయోగపడుతుంది.

పిడుదులను, కొందరు గోమార్లు అంటారు, తేలిగ్గా తీసుకోకండి. వాటి వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. కిరోసిన్ పూయడం, పొలానికి కొట్టే మందు నీళ్ళలో కలిపి పోయడం పల్లెల్లో ఇప్పటికీ చూస్తున్నాను. చర్మంలోంచి విషం ఎక్కి కుక్కలు చచ్చిపోతాయి. బరువును బట్టి డాక్టరు ఇచ్చే చుక్కల మందో మాత్రో వాడండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరికైనా పన్ను తగలొచ్చు. గీరుకుపోయినా సరే, వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చెప్పిన తేదీల్లో ఒక్కటి కూడా మానకుండా అన్ని డోసులూ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడుకోవడం దాదాపు అసాధ్యం.

ఒంటరిగా ఉంచాల్సి వస్తే

ఇంట్లో అందరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళయితే, మొదటి వారం ఎవరో ఒకరు సెలవు పెట్టుకోండి. ఆ వారంలోనే తలుపు వేసుకుని బయట నిలబడటం అలవాటు చేయండి. ముందు ఒక్క నిమిషం, తర్వాత మూడు, తర్వాత పది. వెళ్ళేటప్పుడు పెద్దగా వీడ్కోలు చెప్పకండి, వచ్చినప్పుడు హడావిడి చేయకండి. పనికొచ్చే అక్కకు కూడా ముందే చెప్పి, ఆమె చేత రోజూ ఒక ముక్క వేయించండి. మా ఇంట్లో గువ్వ నా తర్వాత నమ్మింది ఆమెనే. చీపురు పట్టుకొచ్చే మనిషినే నమ్మిందంటే అదంతా ఆమె ఓపికే.

వెనక్కి వెళ్ళే రోజులు

బాగా కలిసిపోయిందనుకున్న కుక్క ఒక రోజు మళ్ళీ మంచం కిందకు దూరుతుంది. పక్కింట్లో డ్రిల్లింగ్ మిషన్, గ్యాస్ బండ కింద పడటం, ఊళ్ళోంచి వచ్చిన చుట్టాలు, ఏదైనా కారణం కావొచ్చు. అలాంటప్పుడు మొదటి వారం ఎలా ఉన్నారో మళ్ళీ అలాగే ఉండండి. మొదట్లో వారం పట్టింది ఈసారి రెండు రోజుల్లో అయిపోతుంది. ఒక నోటుబుక్కులో రోజుకో లైను రాసుకోండి, ఏం తింది, ఎంత దూరం వచ్చింది, దేనికి బెదిరింది. మన కళ్ళకు కనిపించని మార్పు నెల తర్వాత ఆ పుస్తకంలో కనిపిస్తుంది. రెండు నెలలు దాటినా ఏ మార్పూ లేకపోతే, మనుషుల మీదికి వస్తుంటే, మంచి డాక్టరుకు ఆ పుస్తకమే చూపించండి. వాళ్ళకు దానికన్నా పనికొచ్చే కాగితం ఇంకోటి ఉండదు.

కుదురుకున్నాక కూడా మంచం కింద బొంత తీసేయకండి. గువ్వ ఇప్పుడు మా వాడి పక్కనే పడుకుంటుంది, పాలవాడు వస్తే గేటు దాకా ఉరుకుతుంది. మొన్న తుఫాను రాత్రి కరెంటు పోయి, రేకులు కొట్టుకుంటుంటే లేచి తన మంచం కిందకు వెళ్ళిపోయింది. నేను టార్చి వేయలేదు, పిలవలేదు. మంచం పక్కన చాప పరుచుకుని పడుకున్నాను. ఏ జామునో దుప్పటి కిందనుంచి ముక్కు బయటకు వచ్చి నా చేతి మీద ఆనింది, తెల్లారేదాకా అట్లాగే ఉంది.